పాత ఇల్లు కొనేముందు భూమిలోని డ్రైనేజీని పరీక్షించే పద్ధతి

పాత ఇల్లు చూడటానికి వెళ్లినవారు లింకు డాక్యుమెంట్లు అడుగుతారు, ఈసీ తీయిస్తారు, వాస్తు చూపిస్తారు, బోరులో ఎన్ని అడుగులకు నీళ్లు పడ్డాయో కనుక్కుంటారు. ఇంట్లోకి వచ్చే నీటి గురించి ఇంతగా విచారించినవారే ఇంట్లోంచి బయటికి పోయే నీరు ఏ దారిన ఎక్కడికి పోతున్నదో అడగకుండా బయానా ఇచ్చి వస్తారు. నేనూ అలాగే ఇచ్చాను. హైదరాబాద్‌లో ఒక పాత కాలనీలో రెండు వందల గజాల ఇల్లు కొన్న తొలి వానాకాలంలోనే కింది వాటా స్నానాలగది గచ్చులో నీళ్లు పోయే నహానీ ట్రాప్ నుంచి మురుగు ఎదురుతన్ని హాలులోకి వచ్చింది. పోర్టికో గచ్చు పగలగొట్టి చూస్తే లైను మధ్యలో కుంగి, రెండుచోట్ల అతుకులు ఊడి, మట్టితో సగం పూడిపోయి కనిపించింది. కొనకముందే దీన్ని ఎలా కనిపెట్టవచ్చో ఆ మరమ్మతు జరిగినన్నాళ్లూ మేస్త్రీనీ ప్లంబర్‌నూ అడిగి తెలుసుకున్నాను. ఇక్కడ చెప్పేదంతా హైదరాబాద్, దాని చుట్టుపక్కల కాలనీల్లోని పాత ఇండిపెండెంట్ ఇళ్లను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నది. ఆంధ్ర ప్రాంతంలో నేల స్వభావం వల్ల తేడా వచ్చే చోట ఆ మాట విడిగా చెబుతాను.

ఈ పరీక్షంతా బయానా ఇవ్వకముందే జరగాలి. ధర మాట్లాడుకున్న తర్వాత, అగ్రిమెంటు రాసుకోకముందు, "ఒక ఉదయం రెండు మూడు గంటలు ఇంటి డ్రైనేజీ చూసుకుంటాం, చాంబర్ల (లైను మీద మూతతో కట్టిన గుంతల) మూతలు తీయిస్తాం, పని అయ్యాక మళ్లీ సిమెంటు పెట్టించి ఇస్తాం" అని యజమానిని మర్యాదగా అడగండి. అమ్మేవారిలో చాలామంది ఒప్పుకుంటారు. ఎంత చెప్పినా మూత తీయనివ్వనివారి ఇంటి విషయంలో మీరు మరింత జాగ్రత్తగా ఉండాలి.

ముందుగా మురుగు ఎక్కడికి పోతున్నదో తేల్చుకోవాలి

మన ఊళ్లలో ఇంటి మురుగుకు మూడు దారులే ఉన్నాయి. రోడ్డు కింద ఉన్న పెద్ద డ్రైనేజీ లైనులో కలవడం ఒకటి, ఆవరణలోని సెప్టిక్ ట్యాంకులోకి పోయి అక్కడినుంచి ఇంకుడు గుంతలో ఇంకడం రెండవది, ఇంటి ముందున్న పక్క కాలువలోకో వెనకనున్న నాలాలోకో నేరుగా వదిలేయడం మూడవది. యజమాని మొదటి దాని పేరు చెప్పి, వాస్తవంలో మూడవది జరుగుతున్న ఇళ్లు తక్కువేమీ లేవు.

హైదరాబాద్‌లో దీనికి ఒక చారిత్రక కారణం ఉంది. 1908 మూసీ వరదల తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి వరద నివారణతోపాటు నగరానికి భూగర్భ డ్రైనేజీ పథకాన్ని కూడా తయారు చేయించారు కనుక పాత నగరానికి లైన్లు ముందే వచ్చాయి. శివారు కాలనీల సంగతి వేరు. అప్పటి 12 మున్సిపాలిటీలనూ 8 గ్రామ పంచాయతీలనూ 2007లో నగరపాలక సంస్థలో కలిపి జీహెచ్‌ఎంసీని ఏర్పాటు చేసేనాటికి అక్కడి చాలా ఇళ్లు సెప్టిక్ ట్యాంకులతోనే ఉన్నాయి. రోడ్డు లైను తర్వాత వచ్చింది. అది వచ్చినప్పుడు కొందరు ట్యాంకును పూర్తిగా తప్పించి ఇంటి లైనును నేరుగా రోడ్డుకు కలిపారు, కొందరు ట్యాంకు నుంచి పొంగే నీటిని మాత్రమే కలిపారు, కొందరు ఏమీ మార్చలేదు. మీరు చూస్తున్న ఇంట్లో ఈ మూడింటిలో ఏది జరిగిందో తెలియకపోతే తర్వాతి పరీక్షలు దేన్ని పరీక్షిస్తున్నాయో కూడా తెలియదు.

జలమండలి (హైదరాబాద్ నీటి బోర్డు) బిల్లు ఒకటి చూపించమని అడగండి. అందులో క్యాన్ నంబరు (వినియోగదారు ఖాతా నంబరు) ఎవరి పేరు మీద ఉందో, మురుగు సెస్ అనే పద్దు ఉందో లేదో చూడండి. ఆ పద్దు ఉంటే కనెక్షన్ రికార్డులో ఉన్నట్టు లెక్క. అయితే రికార్డులో ఉన్నంత మాత్రాన గొట్టం నిజంగా కలిసిందని అర్థం కాదు, దాన్ని నీళ్లు పోసి చూసే తేల్చుకోవాలి. విజయవాడ వంటి చోట్ల యూజీడీ (భూగర్భ డ్రైనేజీ) కనెక్షన్ ఉందని చెబితే ఆ కనెక్షన్ కాగితం చూపించమనండి.

యజమానిని అడిగే ప్రశ్నలు సూటిగా ఉండాలి. ట్యాంకు ఎక్కడుంది, ఎప్పుడు కట్టారు, చివరిసారి ఎప్పుడు ఖాళీ చేయించారు, లైను ఎన్నిసార్లు జామ్ అయింది, వానాకాలంలో కింది వాటాలోకి ఎప్పుడైనా నీళ్లు ఎదురొచ్చాయా అని అడగండి. ఆ తర్వాత అద్దెకున్నవారిని, పక్కింటివారిని, వీలైతే ఆ వీధిలో పనిచేసే ప్లంబర్‌ను అవే ప్రశ్నలు అడగండి. యజమాని వేరేచోట ఉంటూ ఇల్లు అద్దెకిచ్చి ఉంటే ఆయనకే తెలియని సంగతులు కింది వాటాలోని ఇల్లాలికి తెలుస్తాయి. మా పక్కింటి పెద్దమ్మగారిని మేము ముందే పలకరించి ఉంటే, ఏటా ఆషాఢంలో మా గేటు ముందు మ్యాన్‌హోల్ పొంగుతుందన్న మాట కొనకముందే తెలిసేది.

వెంట తీసుకెళ్లవలసినవి, చూపు ఆనవలసినవి

మీతో ఒక ప్లంబర్‌ను గానీ అనుభవమున్న మేస్త్రీని గానీ తీసుకెళ్లండి. ఆ మనిషి యజమాని కుదిర్చినవాడు కాకూడదు. మూతలు లేపడానికి గడ్డపార, టేపు, మంచి టార్చి, అరచేతి వెడల్పు అద్దం, మేస్త్రీలు లెవెల్ చూసుకునే పారదర్శకమైన నీటి ట్యూబు, బట్టల నీలం ఒక సీసా, రెండు బకెట్లు, రబ్బరు చేతితొడుగులు, సుద్దముక్క, తెల్లకాగితం ఉంటే చాలు. మేడమీది ట్యాంకు నిండుగా ఉంచమని ముందురోజే చెప్పాలి. ట్యాంకు అడుగంటిన రోజున చేసిన పరీక్షతో ఏమీ తెలియదు. వీలైతే ఇంకొకసారి, పెద్ద వాన వెలిసిన గంటలోపు వెళ్లి ఆవరణ, రోడ్డు, కింది వాటా స్నానాలగది చూసి రండి.

మొదట కాగితం మీద ఇంటి నక్షా గీసుకుని మరుగుదొడ్లు, స్నానాలగదులు, వంటగది, బట్టలుతికే చోటు గుర్తించండి. గోడల వెంట దిగే నిలువు గొట్టాలు ఎక్కడ నేలలోకి పోతున్నాయో చూడండి. వంటగది, స్నానాలగది నీళ్లు సాధారణంగా జాలీ మూత ఉన్న గల్లీ ట్రాప్‌లో పడి అక్కడినుంచి చాంబర్‌లోకి వెళ్తాయి, మరుగుదొడ్డి గొట్టం నేరుగా చాంబర్‌కు వస్తుంది. లైను మలుపు తిరిగిన ప్రతిచోటా, మరో గొట్టం వచ్చి కలిసిన ప్రతిచోటా ఒక చాంబర్ ఉండాలి. అవన్నీ దాటాక గేటు దగ్గర ఆఖరి చాంబర్, ఆ తర్వాత రోడ్డు మ్యాన్‌హోల్ ఉంటాయి. మలుపు ఉండి చాంబర్ కనిపించకపోతే అది టైల్స్ కిందో పూలకుండీల కిందో కప్పబడి ఉండవచ్చు. కొత్తగా టైల్స్ వేసిన పోర్టికోలో చాంబర్ ఒక్కటీ కనిపించకపోతే అది ఎక్కడుందో యజమాని చేతనే చూపించండి.

సెప్టిక్ ట్యాంకు జాడ దొరకనప్పుడు వాస్తు కొంత ఉపయోగపడుతుంది. మన మేస్త్రీలు బోరునూ సంపునూ ఈశాన్యంలోను, సెప్టిక్ ట్యాంకును వాయవ్యంలోను పెట్టడం అలవాటు కనుక ముందుగా వాయవ్యం వైపు గచ్చు తట్టి చూడండి. గడ్డపార మొనతో మెల్లగా తట్టినప్పుడు డొల్ల శబ్దం వచ్చే చోట కింద ఖాళీ ఉంటుంది.

మూతలు తీసేటప్పుడు ప్రాణం ముఖ్యం

మురుగు కుళ్లిన చోట హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ వాయువులు పుడతాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనను పసిగట్టే శక్తినే కోల్పోతుంది కాబట్టి వాసన లేదన్న ధైర్యంతో ఎవరూ ముందుకు వంగకూడదు. మీథేన్ అంటుకుంటుంది కనుక అగ్గిపుల్ల, బీడీ, సిగరెట్ ఆ దరిదాపుల్లో ఉండకూడదు. మూత తీసి కొంతసేపు గాలి ఆడనిచ్చాక, పక్కన నిలబడి టార్చి వేసి చూడాలి. పిల్లలను ఆవరణలోకి రానీయవద్దు, తీసిన గుంతను చూసేవాళ్లు లేకుండా వదలవద్దు.

ట్యాంకులోకి గానీ లోతైన మ్యాన్‌హోల్‌లోకి గానీ మనిషిని దించవద్దు. మీకు ఇల్లు నచ్చినా, దిగడానికి ఒప్పుకునే మనిషి దొరికినా, యజమాని "ఏం కాదు, ఎప్పుడూ దిగుతూనే ఉంటారు" అన్నా సరే దించవద్దు. రక్షణ పరికరాలు లేకుండా సెప్టిక్ ట్యాంకు, మురుగు లైను శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మొదటిసారి తప్పు చేసినవారికి రెండేళ్ల వరకు జైలు గానీ రెండు లక్షల వరకు జరిమానా గానీ రెండూ గానీ పడవచ్చు. ఇలాంటి పనిలో చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బుతో తూగని నష్టం అది. ఈ పరీక్షలో ఏ ఒక్క అడుగుకూ మనిషి కిందికి దిగవలసిన అవసరం లేదు.

చాంబర్ లోపల ఏం చూడాలి

మంచి చాంబర్ అడుగున సగం గొట్టం ఆకారంలో నునుపైన కాలువ ఉంటుంది, దానికి రెండువైపులా సిమెంటు గచ్చు ఆ కాలువలోకి వాలి ఉంటుంది. నీళ్లు వాడనప్పుడు ఆ కాలువలో పలుచని తడి మాత్రమే ఉండాలి. అరగంట నుంచి ఇంట్లో ఎవరూ కొళాయి తిప్పకపోయినా నీరు నిలిచి ఉంటే కిందివైపు ఎక్కడో అడ్డు ఉన్నట్టు, లేదా వాటం (వాలు) లేనట్టు.

ఆ తర్వాత గోడలను చూడండి. గోడ మీద ఒక ఎత్తులో నల్లటి జిడ్డు గీత, దాని పైన శుభ్రమైన సిమెంటు ఉంటే మురుగు ఎప్పుడో అంత ఎత్తు వరకు పొంగి నిలిచిందని అర్థం. పరీక్షకు ముందురోజు యజమాని లైను శుభ్రం చేయించి ఉండవచ్చు గానీ ఈ గీతను చెరిపేయించడం ఎవరికీ తోచదు. అందువల్ల నేను అన్నిటికంటే ఈ గీతనే ఎక్కువగా నమ్ముతాను. మూత లోపలివైపు కూడా మురికి అంటి ఉంటే చాంబర్ పూర్తిగా నిండి పొంగిన రోజులు ఉన్నాయన్నమాట.

అడుగున ఇసుక, ఎర్రమట్టి కనిపిస్తే గొట్టం ఎక్కడో పగిలి చుట్టూ ఉన్న నేల లోపలికి జారుతున్నదని అనుమానించాలి. ఇంటి పని జరిగినప్పుడు పడిన సిమెంటు ముద్దలు, టైల్స్ ముక్కలు గట్టిపడి ఉంటే అవి గొట్టంలోనూ ఉండి ఉంటాయి. జుట్టులాంటి సన్నని వేళ్లు గొట్టం నోట్లోంచి వేలాడుతుంటే ఆవరణలోనూ పక్కింట్లోనూ ఉన్న చెట్లను చూడండి. రావి, మర్రి, ఈమధ్య రోడ్ల పక్కన విరివిగా నాటిన కోనోకార్పస్ వేళ్లు తడి కోసం అతుకుల సందుల్లోంచి దూరతాయి. వంటగది చాంబర్‌లో తెల్లటి కొవ్వు గడ్డలు కట్టి ఉంటే దాన్ని శుభ్రం చేయించవచ్చు, ఇల్లు మానుకోవలసినంత దోషం కాదది.

గొట్టం ఏ రకమో కూడా ఇక్కడే తెలుస్తుంది. పాత ఇళ్లలో గోధుమరంగు మెరుపున్న స్టోన్‌వేర్ గొట్టాలు వేసేవారు. అవి తుప్పు పట్టవు, చాలాకాలం మన్నుతాయి. కాకపోతే ఒక్కొక్క ముక్క రెండు మూడు అడుగులే ఉంటుంది కనుక నలభై అడుగుల లైనులో పదిహేను ఇరవై అతుకులు ఉంటాయి, సిమెంటుతో చేసిన ఆ అతుకులే ముందుగా దెబ్బతింటాయి. పీవీసీ గొట్టానికి అతుకులు తక్కువ. అయితే పలుచని గొట్టం వేసి పైన సరిగా మట్టి కప్పకుండా కారు తిరిగే చోట గచ్చు పోస్తే అది నొక్కుకుపోతుంది. మురుగుకు వాడే ఎస్‌డబ్ల్యూఆర్ గొట్టాల్లో ఏ రకం, బీ రకం అని రెండుంటాయి. వాననీటికీ గాలి గొట్టాలకూ ఉద్దేశించినది ఏ రకం, మందంగా ఉండి మురుగుకు పనికొచ్చేది బీ రకం. గొట్టం మీది అచ్చు కనిపిస్తే చదవండి.

నల్లరేగడి నేలల్లో, అంటే గుంటూరు, కృష్ణా ప్రాంతాల్లోను తెలంగాణలో కొన్ని చోట్లను, నేల వానకు ఉబ్బి ఎండకు నెర్రెలు విడుస్తుంది. ఆ కదలికకు అతుకులు ఊడతాయి, గొట్టం అలలాగా వంగుతుంది. అక్కడ ఇల్లు కొనేవారు ఈ తర్వాత చెప్పే వాటం పరీక్షను వదిలిపెట్టకూడదు.

నీళ్లు వదిలి చూడటం

ఒకరు లోపల, ఒకరు చాంబర్ దగ్గర నిలబడండి. పై అంతస్తులోని దూరపు మరుగుదొడ్డిలో నాలుగు చుక్కల బట్టల నీలం వేసి ఫ్లష్ చేయండి. నీలిరంగు నీరు ఏ చాంబర్‌లో ఎన్ని క్షణాలకు వచ్చిందో నక్షా మీద రాసుకోండి. ఇలాగే ఒక్కొక్క మరుగుదొడ్డి, స్నానాలగది, వంటగది సింకు, బట్టలుతికే చోటు పరీక్షించండి. ఒకేసారి అన్నీ వదిలితే ఏ నీరు ఎటునుంచి వచ్చిందో తెలియదు కనుక మొదట విడివిడిగానే చేయాలి. రంగు నీరు ఆఖరి చాంబర్‌కు చేరకపోతే అది ట్యాంకులోకి పోతున్నదా, భూమిలోకి ఇంకుతున్నదా, పక్క కాలువలో తేలుతున్నదా అని బయటికి వెళ్లి చూడండి. ఆఖరి చాంబర్ నుంచి రోడ్డు మ్యాన్‌హోల్‌కు చేరిందో లేదో తెలియాలంటే ఆ మ్యాన్‌హోల్ మూత తీయాలి, దాన్ని మీరు ముట్టుకోకుండా జలమండలి సిబ్బందినే అడగాలి. వారి ఫిర్యాదుల నంబరు 155313.

తర్వాతి మెట్టు బరువు పరీక్ష. రెండు బాత్రూముల్లో బకెట్లు నింపి ఉంచుకుని, అన్ని కొళాయిలు తిప్పి, అన్ని ఫ్లష్‌లూ ఒకేసారి వదిలి, బకెట్లు కూడా కుమ్మరించండి. కింది వాటాలోని నహానీ ట్రాప్‌లో గుడగుడ శబ్దం వచ్చినా, అక్కడ నీరు పైకి లేచినా, చాంబర్‌లో నీటిమట్టం గొట్టం పైఅంచును దాటి ఐదు నిమిషాలకు కూడా తగ్గకపోయినా లైనులో లోపం ఉంది. శబ్దం మాత్రమే వచ్చి నీరు బాగా పోతుంటే గాలి గొట్టం మూసుకుపోయి ఉండవచ్చు, మేడమీద దాని కొనను చూడండి. చాలా నెలలు ఖాళీగా ఉన్న ఇంట్లో దుర్వాసన వస్తే వెంటనే బెదరవద్దు. ట్రాపుల్లో కనీసం రెండు అంగుళాల లోతున నిలవవలసిన నీరు ఎండిపోవడం వల్ల కూడా అలా వస్తుంది. అన్ని ట్రాపుల్లో నీళ్లు పోసి గంట తర్వాత మళ్లీ చూడండి. అప్పటికీ వాసన తగ్గకపోతే లోపం వెతకాలి.

వాటం కొలవడం

మురుగు లైనుకు వాటమే ఆధారం. నాలుగు అంగుళాల గొట్టానికి నలభై అడుగులకు ఒక అడుగు, ఆరు అంగుళాల గొట్టానికి అరవై అడుగులకు ఒక అడుగు వాలు ఉండాలన్నది మేస్త్రీలకు తెలిసిన పాత లెక్క. అంటే ఇంటి వెనకనుంచి గేటు దాకా యాభై అడుగుల లైను నాలుగు అంగుళాల గొట్టంతో ఉంటే పదిహేను అంగుళాలు దిగాలి, ఆరు అంగుళాల గొట్టమైతే పది అంగుళాలు దిగితే సరిపోతుంది. వాలు తక్కువైతే మలం వెనకబడి పేరుకుంటుంది.

దీన్ని కొలవడం కష్టమేమీ కాదు. ప్రతి చాంబర్ దగ్గర నేల మట్టం నుంచి గొట్టం అడుగు వరకు ఎంత లోతుందో టేపుతో కొలవండి. నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది కనుక లోతు ఒక్కటే చాలదు. నీటి ట్యూబు ఒక కొనను మొదటి చాంబర్ అంచు దగ్గర, రెండవ కొనను తర్వాతి చాంబర్ అంచు దగ్గర నిలబెట్టండి. రెండు కొనల్లోను నీరు ఒకే మట్టంలో నిలుస్తుంది కాబట్టి నేల నుంచి ఆ నీటిగీత వరకు రెండుచోట్లా కొలిచి, ఆ కొలతకు గొట్టం లోతును కలపండి. మొదటిచోట 30 అంగుళాలు, పాతిక అడుగుల అవతల 37 అంగుళాలు వస్తే ఏడు అంగుళాల వాలు ఉన్నట్టు, నాలుగు అంగుళాల గొట్టానికి అది సరిపోయినట్టే. రెండు కొలతలూ దాదాపు సమానమైనా, అవతలిదే తక్కువైనా ఆ లైనును తవ్వి మళ్లీ వేయక తప్పదు.

రెండు చివర్ల కొలత సరిపోయినంత మాత్రాన మధ్యలో కుంగలేదని చెప్పలేము. అందుకు అద్దం కావాలి. ఒక చాంబర్‌లో గొట్టం నోటికి ఎదురుగా టార్చి ఉంచి, రెండవ చాంబర్‌లో కర్రకు కట్టిన అద్దాన్ని వాల్చి పట్టుకుంటే గొట్టం లోపలి భాగం అద్దంలో కనిపిస్తుంది. నిండు వృత్తం కనిపిస్తే లైను తిన్నగా ఉంది. అర్ధచంద్రంలా కనిపిస్తే వంగింది, అడుగున నీరు మెరుస్తూ కనిపిస్తే కుంగింది. గొట్టం వ్యాసం కంటే అర అంగుళం తక్కువున్న నున్నని బంతిని పైచాంబర్‌లో వదిలితే అది నీటితో దొర్లి కిందికి రావాలి, రాకపోతే ఎక్కడ ఆగిందో అక్కడ అడ్డుంది. బంతికి దారం కట్టి వదలండి, లేకపోతే మీరే ఒక కొత్త అడ్డు పెట్టినవారవుతారు.

కారుతున్నదేమోనన్న అనుమానం ఉన్న లైనుకు మరో పరీక్ష ఉంది. కింది చాంబర్‌లో గొట్టం నోటిని రబ్బరు ప్లగ్గుతో మూసి, ప్లగ్గుకు తాడు కట్టి పైకి వదిలి, పై చాంబర్ నుంచి నీళ్లు నింపండి. సిమెంటు, ఇటుక మొదట కొంత నీరు పీల్చుకుంటాయి కనుక కొంతసేపు ఆగి, తగ్గిన మేరకు నింపి, అప్పుడు సుద్దతో గీత గీయండి. అరగంట తర్వాత నీరు గీతకు అంగుళాల కొద్దీ కిందికి దిగితే భూమిలోకి పోతున్నదన్నమాట. ఆ చోటు పునాదికి దగ్గరగా ఉంటే గోడ అడుగున చెమ్మ, ఉప్పు పూత, కుంగిన గచ్చు కూడా కనిపిస్తాయి.

సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇంట్లో

ట్యాంకు కొలతలు ముందు తెలుసుకోండి. భారతీయ ప్రమాణాల ప్రకారం ఐదుగురున్న ఇంటికి మీటరున్నర పొడవు, ముప్పావు మీటరు వెడల్పు, మీటరు నీటి లోతు కావాలి. పదిమందికి రెండు మీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల వెడల్పు కావాలి. ఒక కుటుంబానికి కట్టిన ట్యాంకు మీద తర్వాత రెండు అంతస్తులు లేచి మూడు వాటాలు అద్దెకిచ్చి ఉంటే ట్యాంకు నిజానికి మూడోవంతే ఉన్నట్టు లెక్క వేసుకోవాలి.

పొడవాటి కర్రకు తెల్ల గుడ్డ చుట్టి నిలువుగా దింపి, కొంతసేపు ఉంచి తీస్తే అడుగున పేరుకున్న బురద ఎంత ఎత్తుందో గుడ్డ మీద నల్లగా తెలుస్తుంది. బురద, పైన తేలే తెట్టు కలిపి నీటి లోతులో సగానికి వచ్చాయంటే ఖాళీ చేయించవలసిన సమయం ఎప్పుడో దాటింది. రెండు మూడేళ్లకొకసారి యంత్రంతో తీయించవలసిన ట్యాంకును "పదిహేనేళ్లలో ఒక్కసారి కూడా తీయించలేదు, అంత బాగా కట్టించాం" అని గర్వంగా చెప్పేవారు కనిపిస్తారు. చాలాసార్లు దాని అర్థం అడుగు కట్టకుండా వదిలేశారని, మురుగంతా నేలలోకి, బహుశా బోరులోకి పోతున్నదని.

బోరు దూరం దగ్గర నా మనసు ఎక్కువ ఆగుతుంది. మంచినీటి బావికీ బోరుకూ ఇంకుడు గుంత కనీసం 18 మీటర్లు, అంటే 59 అడుగుల దూరంలో ఉండాలని ప్రమాణం. 36 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవున్న రెండు వందల గజాల స్థలంలో మూల నుంచి మూలకు కొలిచినా 62 అడుగులు దాటదు. ఈశాన్యంలో బోరు, వాయవ్యంలో ట్యాంకు పెట్టినప్పుడు రెండూ ఉత్తరపు హద్దు వెంటే ఉంటాయి కనుక వాటి మధ్య ముప్పై, నలభై అడుగులకు మించి మిగలదు. పైగా పక్కింటివారి వాయవ్యం మీ ఈశాన్యానికి ఆనుకుని ఉంటుంది. అందువల్ల సెప్టిక్ ట్యాంకున్న వీధిలో బోరునీటిని ప్రయోగశాలలో పరీక్షించకుండా ఇల్లు కొనవద్దని నా గట్టి సలహా. తాగునీటి ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటిలో ఈ-కోలి బ్యాక్టీరియా అసలే ఉండకూడదు, నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. ఈ రెండూ ఎక్కువగా ఉంటే మురుగు బోరును చేరుతున్నదని అనుకోవచ్చు. పసిపిల్లలున్న ఇంటికి నైట్రేట్ మరీ ప్రమాదం. సంపు కూడా చాంబర్ లైనుకు దిగువన ఉంటే దాని గోడలకు లోపలివైపు చెమ్మ చారలున్నాయేమో చూడండి.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో వానాకాలంలో భూగర్భజలం నేలకు బాగా దగ్గరగా వస్తుంది. అప్పుడు ఇంకుడు గుంతలో నీరు ఇంకదు, ట్యాంకు వెనక్కి తంతుంది. అక్కడి ఇంటిని వేసవిలో చూసి సంతృప్తి పడకుండా శ్రావణ భాద్రపదాల్లో ఒకసారి చూడాలి.

రోడ్డు లైను వచ్చాక వాడకం మానేసిన పాత ట్యాంకు ఉంటే దాన్ని ఖాళీ చేసి ఇసుకతో, మట్టితో నింపారా అని తప్పక అడగండి. పోర్టికో కింద డొల్లగా మిగిలిన ట్యాంకు కప్పులోని ఇనుము ఆ వాయువులకు తుప్పు పట్టి ఉంటుంది. దాని మీద మీరు కారు నిలుపుతారు, పిల్లలు ఆడుకుంటారు.

రోడ్డు మట్టం, వాననీరు

పాత కాలనీల్లో రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడం వల్ల ఇళ్లు కిందికి దిగిపోయాయి. రోడ్డు మ్యాన్‌హోల్ మూత మట్టాన్నీ మీ కింది వాటా స్నానాలగది గచ్చు మట్టాన్నీ అదే నీటి ట్యూబుతో పోల్చి చూడండి. గచ్చు మూత కంటే కిందికి ఉంటే రోడ్డు లైను నిండిన రోజున మురుగు మ్యాన్‌హోల్ పొంగకముందే మీ ఇంట్లోకి వస్తుంది. ఆఖరి చాంబర్‌లో ఎదురు నీటిని ఆపే నాన్‌రిటర్న్ వాల్వ్ బిగిస్తే కొంత రక్షణ ఉంటుంది. అయితే వాల్వ్ మూసుకున్నంతసేపు మీ నీరు కూడా బయటికి పోదు. అంత పల్లంలో ఉన్న ఇంటికి గచ్చు ఎత్తు పెంచే ఖర్చు కూడా ధరలో లెక్కించాలి.

మేడమీది వాననీటి గొట్టంలోనూ నీలం కలిపిన బకెట్ నీళ్లు పోసి చూడండి. అది మురుగు చాంబర్‌లో తేలితే రెండు లైన్లు కలిపేశారన్నమాట. వానాకాలంలో లైను పొంగడానికి ఇది పెద్ద కారణం. వాననీటి గొట్టాన్ని విడదీసి వాననీటి గుంతకు మళ్లించడం తేలికైన పని కనుక దీన్ని చూసి ఇల్లు వదులుకోనక్కరలేదు.

అపార్ట్‌మెంటులో ఫ్లాటు కొనేవారు ఈ పరీక్షల్లో చాలావాటిని సొంతంగా చేయలేరు. సెల్లారులో చాంబర్ల మూతలు, నిలువు గొట్టాల అతుకులు, మీ బాత్రూము కిందనున్న ఫ్లాటు సీలింగులో చెమ్మ, మురుగు శుద్ధి ప్లాంటు నడుస్తున్నదో లేదో చూసి, సొసైటీ పద్దులో డ్రైనేజీ మీద ఏటా ఎంత ఖర్చవుతున్నదో అడగండి.

కెమెరా, ఆ తర్వాత అగ్రిమెంటు

ఇంతవరకు చేసిన పరీక్షల్లో ఒక్కటైనా తేడాగా వస్తే గొట్టంలోకి కెమెరా పంపే ప్లంబింగ్ సంస్థను పిలిపించండి. లైనును ముందు నీళ్లతో కడిగాకే కెమెరా పంపాలి. ఎన్ని అడుగుల దగ్గర ఏముందో తెరపై దూరం కనిపించేలా రికార్డు చేసి ఆ వీడియో మీకివ్వాలని ముందే మాట్లాడుకోండి. పగులు కనిపించినచోట నేల మీద సుద్దతో గుర్తు పెట్టించి, ఆ చోటు పడకగది కిందో పునాది పక్కనో ఉందా, ఆవరణలో ఉందా చూడండి. ఆవరణలో ఉన్న లోపం ఎంత పెద్దదైనా బాగుచేయవచ్చు. ఇంటి మధ్యగా, గదుల గచ్చు కింద పోయే లైను కుంగి ఉంటే మాత్రం నేనైతే ఆ ఇల్లు కొనను, ఎందుకంటే దాన్ని బాగుచేయాలంటే గదులన్నీ ఖాళీ చేసి గచ్చు తవ్వాలి. లైను పక్కవారి స్థలంలోంచి పోతూ దానికి రాతపూర్వకమైన హక్కు లేకపోయినా నా జవాబు అదే. ఈనాటి యజమానులు స్నేహితులు కావచ్చు, రేపు అక్కడ కొత్త ఇల్లు కట్టేవారు మీ గొట్టం మూసేస్తే అడగడానికి మీ దగ్గర కాగితం ఉండదు.

మిగిలిన లోపాలకు ఇద్దరు మేస్త్రీల చేత విడివిడిగా అంచనా రాయించండి. అందులో గచ్చు తవ్వడం, తిరిగి వేయడం, రోడ్డు తవ్వకానికి అనుమతి రుసుము, కొత్త కనెక్షన్ ఖర్చు ఉన్నాయో లేదో చూసుకోండి. ఆ మొత్తాన్ని ధరలో తగ్గించమనడం ఒక దారి, రిజిస్ట్రేషన్‌కు ముందే యజమాని చేత బాగుచేయించి మళ్లీ నీళ్లు వదిలి చూడటం ఇంకొక దారి. నాకు మొదటిదే మేలనిపిస్తుంది. ఇల్లు వదిలి వెళ్లేవారు చేయించే మరమ్మతు కంటే అందులో ఉండబోయేవారు దగ్గరుండి చేయించేది నిలుస్తుంది. ఏ దారి ఎంచుకున్నా, మురుగు ఎక్కడికి పోతున్నదో, ట్యాంకు ఎక్కడుందో, జలమండలికి బకాయి ఎంత ఉందో, క్యాన్ నంబరు మీ పేరుకు మార్చడానికి సంతకాలు ఎప్పుడు చేస్తారో అగ్రిమెంటులో ఒక పేరాగా రాయించి, మీరు గీసిన నక్షా ప్రతిని దానికి జతచేసి ఇరువైపులా సంతకాలు పెట్టించండి. ఆ రోజు బయలుదేరేముందు తీసిన ప్రతి మూతనూ తిరిగి పెట్టించి, చుట్టూ సిమెంటు పూయించి, ఆరేవరకు ఎవరూ తొక్కకుండా ఇటుకలు అడ్డం పెట్టి రండి.